ఆ లాంచర్ ఎక్కడిది?

2013 జనవరిలో సిరియా దక్షిణపు కొసన ఉన్న దరా ప్రాంతం నుంచి కొన్ని వీడియోలు యూట్యూబ్‌లోకి వచ్చాయి. అప్పటి అధ్యక్షుడు బషర్ అల్ అసద్ సైన్యంతో పోరాడుతున్న తిరుగుబాటుదారులు తీసి పెట్టినవి. అప్పటికి దాదాపు రెండేళ్లుగా రోజూ వస్తున్న వీడియోల్లాగే వీటిలోనూ దుమ్ము, అరుపులు, గోడ చాటున నక్కిన మనిషి, పేలుడు. తేడా అల్లా ఆ మనిషి భుజం మీది గొట్టంలో ఉంది. అది లోకమంతటికీ తెలిసిన ఆర్‌పీజీ-7 కాదు.

ఆర్‌పీజీ-7ను గుర్తుపట్టడం కష్టం కాదు. 1961లో సోవియట్ సైన్యంలోకి వచ్చిన ఆ లాంచర్‌లో రాకెట్ తల గొట్టం ముందు నుంచి ఉబ్బెత్తుగా బయటికి కనబడుతూ ఉంటుంది. దరా వీడియోల్లోని ఆయుధం అలా లేదు. ముందువైపు ఉత్త గొట్టమే. రాకెట్ వేరే డబ్బాలో మూసి ఉంటుంది. ఆ డబ్బాను తెచ్చి గొట్టం వెనక తగిలిస్తారు. పేల్చాక ఖాళీ డబ్బా ఊడదీసి మరొకటి తగిలిస్తారు. దీని పేరు ఎం-79 ఓసా. యుగోస్లావియాలో పుట్టింది. గొట్టం వ్యాసం 90 మిల్లీమీటర్లు. సుమారు 350 మీటర్ల దూరంలో ఉన్న టాంకును కొట్టడానికి చేసిన ఆయుధం. యుగోస్లావియా అనే దేశం 1990ల మొదట్లోనే ముక్కలైపోయింది. మరి దాని లాంచర్ ఇరవై ఏళ్ల తర్వాత సిరియా పల్లెల్లోకి ఎలా వచ్చింది?

ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నవాడు ఎలియట్ హిగ్గిన్స్. ఊరు ఇంగ్లండులోని లెస్టర్. సైన్యంలో పనిచేసినవాడు కాదు, పత్రికా విలేకరి కాదు, గూఢచారి అంతకన్నా కాదు. ఆఫీసుల్లో కాగితాల పని చేసి, 2012 చివర్లో ఆ ఉద్యోగం కూడా పోయి ఇంట్లో ఉన్నాడు. సిరియా ఎన్నడూ చూడలేదు. అరబీ రాదు. బ్రౌన్ మోజెస్ అనే మారుపేరుతో ఇంటర్నెట్‌లో రాసేవాడు. ఆయుధాల గురించి తనకు మొదట్లో తెలిసింది సినిమాల్లో చూసినంతే అని అతనే చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఈ విద్య అతనికి ఒక్క రోజులో అబ్బింది కాదు. 2011లో లిబియా యుద్ధం జరుగుతున్నప్పుడు ఒక పట్టణం తిరుగుబాటుదారుల చేతికి వచ్చిందా లేదా అని ఇంటర్నెట్‌లో వాదన నడిచింది. వచ్చిందని చూపడానికి ఎవరో ఒక వీడియో పెట్టారు. అది ఆ ఊరే అని నమ్మకం ఏమిటి అన్నారు మిగతావారు. హిగ్గిన్స్ ఆ వీడియో చూస్తూ, అందులో నడుస్తున్నవాళ్లు ఎక్కడ మలుపు తిరిగారో, ఏ రోడ్డు ఏ రోడ్డును కలిసిందో కాగితం మీద గీసుకున్నాడు. ఆ గీతను ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూశాడు. సరిపోయింది. వాదన తేలిపోయింది. ఈ చిన్న పనిలో ఉన్న శక్తి అతనికి అప్పుడే అర్థమైంది. వేల మైళ్ల దూరాన ఉన్నవాడు కూడా, ఎవరి మాటా నమ్మనక్కర లేకుండా, ఎవరైనా సరిచూసుకోగల రుజువు చూపవచ్చు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే. రహస్య వర్గాల భోగట్టా అంటే పాఠకుడు నమ్మాలి, లేదా మానాలి. హిగ్గిన్స్ మాత్రం వీడియో ఇదిగో, పటం ఇదిగో, మీరే చూసుకోండి అన్నాడు.

2012లో సిరియా అంతటా వీడియోల వరద మొదలైంది. హిగ్గిన్స్ నాలుగు వందలకు పైగా యూట్యూబ్ చానెళ్ల జాబితా తయారు చేసుకుని రోజూ వాటిని వెతికేవాడు. కనబడ్డ ప్రతి బాంబు ముక్కకూ రెక్క ఎలా ఉంది, మూత ఎలా ఉంది, రంగు ఏమిటి అని చూసి, సైనిక మాన్యువళ్లతో, తయారీదారుల కేటలాగులతో పోల్చేవాడు. తేలకపోతే తెలిసినవారిని అడిగేవాడు. ఆ ఏడాది అసద్ సైన్యం క్లస్టర్ బాంబులు వేస్తోందని బయటపడటంలో అతని శ్రమ పాత్ర ఉంది.

అసలు ఇన్ని వీడియోలు ఎందుకు పెట్టారు? ఆయుధాలు రహస్యంగా అందుకున్నవాళ్లు వాటిని లోకానికి చూపించడం వింతగానే ఉంటుంది. కానీ తిరుగుబాటు దళాలకు డబ్బు గల్ఫ్ దేశాల నుంచి, ప్రవాసుల నుంచి వస్తోంది. దళాలు వందల సంఖ్యలో ఉన్నాయి. మీరిచ్చిన సొమ్ముతో ఫలానా చోట ఫలానా టాంకును కొట్టాం అని చూపిస్తేనే మళ్లీ డబ్బు వస్తుంది. అందుకే ప్రతి దళానికీ ఒక కెమెరామన్, ఒక జెండా, ఒక చానెల్. పంపినవాళ్ల గుట్టును అందుకున్నవాళ్ల అవసరమే బయటపెట్టింది. ఆ కెమెరాలు పట్టుకుని కాల్పుల మధ్య నిలబడ్డ కుర్రాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఈ కథలో వాళ్ల వాటా హిగ్గిన్స్ వాటాకన్నా తక్కువ కాదు.

మళ్లీ ఓసా దగ్గరికి వద్దాం. ఆర్‌పీజీ-7 కనబడితే దాని పుట్టుక గురించి తెలిసేది ఏమీ లేదు. పదుల దేశాల్లో తయారై, వంద దేశాలు తిరిగిన ఆయుధం అది. సిరియా సైన్యం దగ్గరా ఉంది, ఇరాక్ సంతల్లోనూ దొరుకుతుంది. ఓసా అలా కాదు. యుగోస్లావియా ముక్కల్లో తప్ప పెద్దగా ఎక్కడా లేదు. సిరియా సైన్యం అమ్ములపొదిలో లేదు. కాబట్టి సైనిక గిడ్డంగి కొల్లగొట్టి తెచ్చుకున్నారనడానికి వీల్లేదు. అరుదైన వస్తువు కావడమే దాన్ని సాక్షిని చేసింది.

అయినా ఒక్క ఓసాతోనే హిగ్గిన్స్ తీర్పు చెప్పలేదు. అదే రోజుల్లో, అదే దరా చుట్టుపక్కల మరో మూడు కొత్త ఆయుధాలు కనబడ్డాయి. ఒకటి ఆర్‌బీజీ-6, ఆరు గ్రెనేడ్లు వరసగా విసరగల లాంచర్. ఇది క్రొయేషియాలో తయారైంది. రెండోది యుగోస్లావియా కాలపు ఎం-60, అంటే పేలినప్పుడు వెనక్కి తన్నని రీకాయిల్‌లెస్ తుపాకీ. మూడోది ఆర్‌పీజీ-22, ఒకసారి పేల్చి గొట్టాన్ని పారేసే సోవియట్ రాకెట్. నాలుగూ విడివిడిగా చూస్తే నాలుగు దారులు. నాలుగూ ఒకే సైన్యం గిడ్డంగిలో ఉండే చోటు ఎక్కడ అని వెతికితే దారులన్నీ క్రొయేషియా వైపే తిరుగుతున్నాయి. దరాకు ఆనుకునే జోర్డాన్ సరిహద్దు ఉంది. ఆయుధాలు ఒకటీ అరా కాదు, ఒక్కసారిగా చాలా చోట్ల, చాలా దళాల చేతుల్లో కనబడుతున్నాయి. నల్లబజారు సరుకు ఇలా రాదు. ఎవరో పెద్ద చేయి డబ్బు పోసి, విమానాలెక్కించి పంపితేనే ఇలా వస్తుంది.

ఇంతకుముందు ఆయుధాల జాడ తీయడం లేదని కాదు. అది ప్రభుత్వాల పని. 2008లో కొలంబియా సైన్యానికి ఫార్క్ గెరిల్లాల స్థావరంలో ఏటీ-4 లాంచర్లు దొరికాయి. అవి స్వీడన్ తయారీ, 84 మిల్లీమీటర్లవి, భుజం మీంచి ఒక్కసారి పేల్చి పారేసేవి. వాటి మీది సీరియల్ నంబర్లు స్వీడన్‌కు పంపితే, 1980ల చివర్లో వెనిజువెలా సైన్యానికి అమ్మిన సరుకు అని తేలింది. 2009 జూలైలో స్వీడన్ వెనిజువెలాను సంజాయిషీ అడిగింది. అవి 1995లో సరిహద్దులోని తమ నౌకాదళ స్థావరం మీద గెరిల్లాలు దాడి చేసినప్పుడు పోయినవని అధ్యక్షుడు హ్యూగో చావెజ్ జవాబిచ్చాడు. అంటే ఆయుధం చేతిలో ఉండాలి. నంబరు చెరిగిపోకుండా ఉండాలి. పట్టుకున్న ప్రభుత్వానికి ఆ సంగతి బయటపెట్టాలని ఉండాలి. తయారుచేసిన దేశం లెక్కలు విప్పాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా అక్కడితో సరి. హిగ్గిన్స్ చేతిలో లాంచరూ లేదు, నంబరూ లేదు, ఏ ప్రభుత్వమూ లేదు.

అతను కనిపెట్టినది అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి సి.జె. చివర్స్ దృష్టికి వచ్చింది. చివర్స్ ఒకప్పుడు మెరైన్ దళంలో అధికారి. ఏకే-47 చరిత్ర మీద 2010లో పుస్తకం రాసినవాడు. ఆయుధాలు తెలిసిన మనిషి కాబట్టి ఈ నాలుగు గొట్టాల విలువ వెంటనే గ్రహించాడు. అతనూ, సహ విలేకరి ఎరిక్ ష్మిట్టూ అధికార వర్గాల్లో ఆరా తీశారు. ఫిబ్రవరి చివరి వారంలో వార్త వచ్చింది. క్రొయేషియా నుంచి పెద్ద ఎత్తున ఆయుధాలు కొనడానికి సౌదీ అరేబియా డబ్బిచ్చిందనీ, అవి డిసెంబరు నుంచి జోర్డాన్ మీదుగా తిరుగుబాటుదారులకు చేరుతున్నాయనీ దాని సారాంశం. మార్చిలో అదే పత్రిక మరో అడుగు వేసింది. విమానాల రాకపోకల వివరాలు పరిశీలించి, తుర్కియే సహకారంతో అరబ్ దేశాలు 160కి పైగా సైనిక సరుకు విమానాలను నడిపాయని, అందులో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ సాయం ఉందని రాసింది. జాగ్రెబ్ విమానాశ్రయంలో జోర్డాన్ సరుకు విమానాలు దిగిన సంగతిని క్రొయేషియా పత్రిక యుతార్ని లిస్ట్ కూడా బయటపెట్టింది.

క్రొయేషియా ప్రభుత్వం మేం అమ్మలేదు అంది. ఆ సమయం దానికి ఇబ్బందికరమైనది. 2011 మే నుంచి సిరియాకు ఆయుధాలు పంపరాదని ఐరోపా సమాఖ్య నిషేధం పెట్టింది. అదే సమాఖ్యలో 2013 జూలై 1న క్రొయేషియా చేరబోతోంది. ఇంకో చిక్కు దీనికన్నా పెద్దది. ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో భాగంగా వంద మంది దాకా క్రొయేషియా సైనికులు గోలాన్ కొండల్లో, అంటే సిరియా గడప మీదే ఉన్నారు. మేం ఎన్ని ఖండనలిచ్చినా ఈ వార్తల తర్వాత మా పిల్లలకు అక్కడ రక్షణ లేదంటూ ప్రధానమంత్రి జోరాన్ మిలనోవిచ్ ఫిబ్రవరి 28న వారిని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించాడు. వార్త వచ్చి వారమైనా కాలేదు. లెస్టర్‌లో ఒక నిరుద్యోగి లాప్‌టాప్ ముందు మొదలైన పరిశీలన గోలాన్ కొండల మీది సైనిక శిబిరాన్ని ఖాళీ చేయించింది.

కొద్ది వారాల్లోనే ఈ ఆయుధాలు మొదట ఉద్దేశించిన దళాల దగ్గరే ఆగలేదని కూడా హిగ్గిన్స్ చూపాడు. అహ్రార్ అల్ షామ్ వంటి మతవాద దళాల వీడియోల్లోనూ ఓసాలు కనబడసాగాయి. దరా నుంచి ఉత్తరానికి, స్నేహితుల నుంచి స్నేహితులు కానివాళ్లకు. ఆ తర్వాతి ఏడాది, 2014 జూలైలో, ఇదే పద్ధతిలో పరిశోధనలు చేసే బెల్లింగ్‌క్యాట్ సంస్థను అతను స్థాపించాడు. దాని కథ వేరే చెప్పుకోవాలి.

వీడియో ఎంత చెప్పినా దానికి ఒక హద్దు ఉంది. ఆయుధం జాతి తెలుస్తుంది. ఏ ఫ్యాక్టరీ, ఏ సంవత్సరం, ఎవరికి అమ్మిన సరుకు అన్నది తెలియదు. ఆ సంగతి గొట్టం మీద, రాకెట్ డబ్బా మీద అచ్చు వేసి ఉంటుంది. మన ఇంట్లో మందుబిళ్లల అట్ట మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్నట్టే రాకెట్ మీద కూడా మోడల్ పేరు, ఫ్యాక్టరీ గుర్తు, తయారైన ఏడాది, లాట్ నంబరు, నింపిన పేలుడు పదార్థం పేరు ఉంటాయి. కెమెరా ఊగిపోతున్న వీడియోలో ఆ చిన్న అక్షరాలు చదవడం కుదరదు. దగ్గరికి వెళ్లాలి.

ఆ పని చేసినది జేమ్స్ బెవన్ 2011లో స్థాపించిన కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్. బెవన్ అంతకుముందు ఐవరీ కోస్ట్‌లో ఆయుధ నిషేధం అమలును ఐక్యరాజ్య సమితి తరఫున పరిశీలించిన నిపుణుల బృందంలో పనిచేశాడు. ఈ సంస్థ మనుషులు ఇరాక్ సైన్యం వెంట, కుర్దు దళాల వెంట యుద్ధభూమికి వెళ్లేవారు. ఇస్లామిక్ స్టేట్ (ఐసిస్) ఉగ్రవాద ముఠా నుంచి స్వాధీనం చేసుకున్న ఆయుధాలను నేల మీద పరిచి, ఒక్కొక్కదాని గుర్తులను ఫొటో తీసేవారు. ఆ తర్వాత తయారుచేసిన దేశానికి, కంపెనీకి ఉత్తరం రాసేవారు. ఈ నంబరు సరుకు ఎవరికి అమ్మారు, ఏ లైసెన్సు మీద, ఇంకెవరికీ ఇవ్వనని కొన్నవాడు సంతకం పెట్టాడా? జవాబులన్నీ ఐట్రేస్ అనే డేటాబేస్‌లోకి చేరేవి.

2014లో ఈ సంస్థ వెలువరించిన నివేదికలో మన పాత గొట్టం మళ్లీ ఎదురైంది. ఉత్తర సిరియాలో కుర్దు దళాలు ఐసిస్ నుంచి పట్టుకున్న ఆయుధాల్లో ఎం-79 రాకెట్లు ఉన్నాయి. అవి 2013లో సౌదీ అరేబియా ఫ్రీ సిరియన్ ఆర్మీ గొడుగు కింది దళాలకు పంపిన రాకెట్ల లాంటివే అని నివేదిక తేల్చింది. దరాలో మొదటి వీడియోలు వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. అసద్‌తో పోరాడే మితవాదుల కోసమని పంపిన ఆయుధం ఊళ్లకు ఊళ్లను చెరబట్టిన ముఠా భుజానికి ఎక్కింది. ఇలా జరగవచ్చని ముందే హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. వాళ్ల మాట వినలేదు. పంపినవాళ్లలో ఎవరూ ఇప్పటిదాకా దీనికి జవాబు చెప్పుకోవాల్సి రాలేదు. నాకు ఈ కథలో మింగుడుపడని భాగం ఇది.

ఆ తర్వాత లెక్కలు ఇంకా పెరిగాయి. 2014 జూలై నుంచి 2017 నవంబరు దాకా ఈ సంస్థ ఇరాక్, సిరియాల్లో ఐసిస్ ఆయుధాలు 1,832, మందుగుండు 40,984 నమోదు చేసింది. అన్నిటిలోకి ఒక ట్యాంక్ విధ్వంసక క్షిపణి కథ ఎక్కువ చెబుతుంది. ఇది భుజం మీంచి పేల్చే రకం కాదు, ముక్కాలి పీట మీద పెట్టి ప్రయోగించేది. బల్గేరియాలోని సోపోత్ పట్టణంలో ఉన్న వీఎంజెడ్ ఫ్యాక్టరీలో తయారైంది. కొన్నది అమెరికా సైన్యం, ఒక అమెరికన్ కంపెనీ ద్వారా. 2015 డిసెంబరు 12న బల్గేరియా దాటింది. ఇరాక్ ఫెడరల్ పోలీసులకు రమాదీలో ఐసిస్ వదిలిపోయిన సరుకులో అది 2016 ఫిబ్రవరి 9న దొరికింది. మధ్యలో 59 రోజులు. మరొకరికి అప్పగించబోమన్న షరతు మీద కొన్న ఆయుధాలను అమెరికా, సౌదీ అరేబియా సిరియాకు మళ్లించాయని ఆ సంస్థ ఇలాంటి ఉదాహరణలు చాలా చూపి వివరించింది.

ఈ జాడల్లో ఒకటి మన దాకా కూడా వచ్చింది. ఐసిస్ తయారు చేసిన మందుపాతరల విడిభాగాల మీద 2016 ఫిబ్రవరిలో ఇదే సంస్థ ఇచ్చిన నివేదికలో 20 దేశాలకు చెందిన 51 సంస్థల పేర్లున్నాయి. దొరికిన డిటొనేటర్లు, డిటొనేటింగ్ కార్డు, ఫ్యూజు తీగల్లో ఎక్కువ భాగం ఏడు భారతీయ కంపెనీలవి. వాటిలో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసేవీ ఉన్నాయి. అవి చట్టం తప్పలేదు. క్వారీల్లో రాయి పేల్చడానికి, గనుల్లో బొగ్గు తవ్వడానికి వాడే సరుకు అది. ప్రభుత్వ లైసెన్సు మీద లెబనాన్‌కు, తుర్కియేకు ఎగుమతి అయింది. అక్కడి నుంచి చేతులు మారింది. పెట్టె మీది గుర్తులు చదివారు కాబట్టి ఆ దారి తెలిసింది.

ఈ సాక్ష్యాలు ఎంత సులువుగా మాయమవుతాయో 2017లో తెలిసివచ్చింది. ఉగ్రవాద ప్రచారాన్ని తొలగించడానికి యూట్యూబ్ కంప్యూటర్ ప్రోగ్రాములను వాడటం మొదలుపెట్టాక, సిరియా యుద్ధాన్ని నమోదు చేసిన వేల వీడియోలు, మొత్తం చానెళ్లకు చానెళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రాణాలకు తెగించి తీసినవి, తీసినవాళ్లు తర్వాత చనిపోయినవి కూడా వాటిలో ఉన్నాయి. 2014లో మొదలైన సిరియన్ ఆర్కైవ్ వంటి బృందాలు ముందే దాచిపెట్టుకున్న కాపీల వల్ల, యూట్యూబ్‌తో పోరాడి తిరిగి రప్పించుకోవడం వల్ల కొంత మిగిలింది. ఇలాంటి సాక్ష్యం ఒక వ్యాపార సంస్థ సర్వర్ల దయ మీద ఉండటం సరికాదు.

చట్టం సంగతి చెప్పి ముగిస్తాను. 2005 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ ఆయుధాల జాడ తీయడానికి ఒక ఒడంబడిక ఆమోదించింది. తుపాకుల మీద, భుజం మీంచి పేల్చే లాంచర్ల మీద దేశాలు గుర్తులు వేయాలి, లెక్కలు ఉంచుకోవాలి, అడిగితే చెప్పాలి. అయితే అది లాంచర్‌కు వర్తిస్తుంది, అందులో పెట్టే రాకెట్‌కు వర్తించదు. మందుగుండును కావాలనే బయట పెట్టారు. ఓసా డబ్బాలో ఉన్న రాకెట్ ఎక్కడిదని అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఆ ఒడంబడిక కింద ఎవరికీ లేదు. 2013 ఏప్రిల్ 2న, ఓసాల గొడవ ఇంకా పత్రికల్లో నలుగుతుండగానే, అంతర్జాతీయ ఆయుధ వ్యాపార ఒప్పందం సభ ముందుకు వచ్చింది. ఇరాన్, ఉత్తర కొరియా, సిరియా వ్యతిరేకంగా ఓటేశాయి. భారతదేశం, రష్యా, చైనా ఓటింగుకు దూరంగా ఉన్నాయి. మందుగుండు భద్రత మీద 2023లో దేశాలు ఒక కొత్త చట్రానికి ఒప్పుకున్నాయి. గుర్తులు వేయడం, లెక్కలు ఉంచడం, జాడ తీయడంలో సహకరించడం అందులో ఉన్నాయి. కానీ పాటించడం ఆయా దేశాల ఇష్టం. రాకెట్ మీది లాట్ నంబరు రాసి పంపిన ఉత్తరానికి బదులివ్వాలా వద్దా అన్నది ఈనాటికీ తయారుచేసిన దేశం చేతిలోనే ఉంది.